పాత రివాల్వర్: చరిత్రకు ఆధారంగా ఒక ఆయుధం

ప్రవేశిక

చరిత్ర రచనకు శాసనాలు, నాణేలు, దస్త్రాలే కాక వస్తువులు కూడా ఆధారాలే. పాత సైనిక రివాల్వర్లను సేకరించి వాటి పుట్టుపూర్వోత్తరాలను వెతకడం ఇంగ్లండు, అమెరికాలలో చాలాకాలంగా ఉంది. మన దేశంలో ఆయుధ చట్టం వల్ల సొంత సేకరణకు అవకాశం తక్కువ. అయినా ఆ పరిశోధన పద్ధతి మనకు అవసరం. 1946–51 మధ్య సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఆయుధాలు ఎన్నో చేతులు మారాయి. వాటి చుట్టూ అల్లుకున్న కథలలో ఏది నిజమో తేల్చడం చరిత్ర విద్యార్థి పని.

ఆయుధంపై గుర్తులు

బ్రిటిష్ సైన్యం 1887లో వెబ్లీ రివాల్వర్‌ను స్వీకరించింది. 1915లో వచ్చిన మార్క్ 6 రకం మొదటి ప్రపంచ యుద్ధంలో విరివిగా వాడుకలో ఉంది. అది ఆరు తూటాలు పట్టే .455 క్యాలిబర్ ఆయుధం. 1932లో దాని స్థానంలోకి .38 క్యాలిబర్ ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ వచ్చింది.

ఇటువంటి ఆయుధంపై రకం పేరు, తయారీ సంవత్సరం, వరుస సంఖ్య చెక్కి ఉంటాయి. బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అని తెలుపుతుంది. బాణంతోపాటు ‘ఐ’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వానికి చేరిందని అర్థం. సైనిక గుర్తులతోపాటు బర్మింగ్‌హామ్ పరీక్షాశాల ముద్ర కూడా ఉంటే, సైన్యం వదిలించుకున్నాక బజారులో అమ్ముడుపోయి ఉండవచ్చు.

ఈ గుర్తులతో కథను పరీక్షించవచ్చు. 1948లో సూర్యాపేటలో దొరికిందని చెప్పే రివాల్వర్‌పై తయారీ సంవత్సరం 1955 అని ఉంటే ఆ కథ నిలవదు. 1917 అని ఉంటే మాత్రం కథ నిజమైపోదు; అసాధ్యం కాదని మాత్రమే తేలుతుంది.

ఆయుధం చేతులు మారిన కాలం

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం తరువాత రైతాంగ పోరాటం ఉధృతమైంది. మొదట ప్రజల చేతిలో ఉన్నవి గుత్పలు, వడిసెలలు. తరువాత భర్మార్లు వచ్చాయి. దొరల గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్న తుపాకులు దళాలకు చేరాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం విజయవాడ వైపు నుంచి కోదాడ మీదుగా ముందుకు సాగింది. తరువాత సూర్యాపేట దాని వశమైంది. వెనుదిరిగిన నిజాం సేనలు మూసీ వంతెనను పేల్చివేశాయి. 17న నిజాం లొంగిపోయాడు. దళాల పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది.

అంటే ఒకే రకం రివాల్వర్ సైనికాధికారి నడుముకు, పోలీసు అమీను దగ్గర, దొర గడీలో, రజాకారు లేదా దళ సభ్యుని చేతిలో ఉండి ఉండవచ్చు. ఇనుము తయారీ స్థలాన్ని చెబుతుంది. పట్టుకున్న మనిషిని చెప్పదు. ఆ మనిషిని తెలుసుకోవాలంటే లైసెన్సు కాగితం, జప్తు పంచనామా, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయంలోని నిజాం కాలపు దస్త్రాలు, పెద్దల జ్ఞాపకాలు కలిపి చూడాలి. ఒక కొలిక్కి మరొక కొలికి అతకాలి. ఎక్కడ తెగితే అక్కడ ‘తెలియదు’ అని రాయాలి. లేకపోతే ఒకరి త్యాగం మరొకరి పేరున చెలామణి అవుతుంది, ఒకరి దౌర్జన్యం మరుగున పడుతుంది.

చట్టం, జాగ్రత్త

1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ ప్రకారం, మరమ్మతు చేసినా పేలే వీలులేని పాతకాలపు ఆయుధానికి మినహాయింపు ఉంది. కేవలం పాతదైనంత మాత్రాన మినహాయింపు రాదు. పాత ఇంటి అటకపైనో, గోడలోనో ఆయుధం కనబడితే ముట్టుకోకండి. లోపల తూటా ఉండవచ్చు. పోలీసు స్టేషన్‌కు తెలపండి. దొరికిన చోటు, తేదీ, ఇంటివారి మాటలు అదేరోజు రాసి ఉంచుకోండి. ఆయుధం మీ చేతిలో ఉండకపోయినా దాని చరిత్ర మీ నోటుపుస్తకంలో నిలుస్తుంది. పోరాటాన్ని కళ్లారా చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. వారి నుంచి విన్నవారు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. ముందు వారిని అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక రివాల్వర్ ఫలానా దళనాయకునిదని ఇంటివారు చెబుతున్నారు. దానిని నిర్ధారించడానికి మీరు వెతికే మూడు ఆధారాలు ఏవి? ఒక్కొక్కటి ఏది నిరూపించగలదు, ఏది నిరూపించలేదు?