కింది దవడ ఎముక: గేలెన్ వాక్కు, బగ్దాదీ సాక్ష్యం

మానవుని కింది దవడ రెండు ఎముకల కలయిక అని క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ రాశాడు. ఆ మాట పూర్తిగా నిరాధారం కాదు. గర్భస్థ శిశువులో ఈ ఎముక రెండు భాగాలుగానే రూపొందుతుంది. పుట్టిన తరువాత తొలి ఏడాదిలో అవి గడ్డం వద్ద కలిసిపోతాయి. కుక్క వంటి జంతువులలో ఆ అతుకు సాధారణంగా జీవితాంతం నిలుస్తుంది. గేలెన్ శరీర నిర్మాణ జ్ఞానంలో అధికభాగం జంతువులను కోసి చూడటం వలన కలిగినదే.

1200-1202 మధ్య ఈజిప్టును ఘోరమైన కరువు పీడించింది. అప్పుడు కైరోలో బోధిస్తున్న బగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ వద్ద గేలెన్‌ను చదువుతున్నవారికి ఎముకల వర్ణన బోధపడలేదు. సమీపంలోని అల్-మక్స్ వద్ద మానవ కళేబరాలు గుట్టలుగా పడి ఉన్నాయని విని ఆయన అక్కడికి వెళ్ళాడు. అక్కడ కనబడిన కింది దవడ అతుకు లేని ఒకే ఎముక. ఒక్కసారి చూసి ఆయన తృప్తిపడలేదు. ఇతరుల చేత కూడా పరీక్షింపజేశాడు. అలా చూసిన పుర్రెలు రెండు వేలకు మించాయని తన ఈజిప్టు వర్ణన గ్రంథంలో నమోదు చేశాడు. గేలెన్ స్థానం ఎంత ఉన్నతమైనదైనా, కంటి సాక్ష్యం అంతకన్నా నమ్మదగినదని తేల్చాడు. అయితే ఆకలిచావుల ప్రస్తావన లేకుండా ఈ ఆవిష్కరణను కీర్తించడం అసంపూర్ణం.

వెసాలియస్ 1543లో ఇదే నిర్ధారణను ప్రకటించాడు. అబ్దుల్ లతీఫ్ అరబ్బీ గ్రంథం లాటిన్ అనువాదంతో ఆక్స్‌ఫర్డులో వెలువడినది 1800లో. అందువల్లనే కావచ్చు, గేలెన్ దోషాన్ని దిద్దిన ఘనత వెసాలియస్‌కే దక్కుతూ వచ్చింది. అల్-మక్స్ పరిశీలన అంతకు మూడు శతాబ్దాలకు పైగా ముందుది.