ఆల్బమ్: తెల్ల పలక, పాటల సంపుటి

పెళ్లి ఆల్బమ్ అంటాం, స్టాంపుల ఆల్బమ్ అంటాం, సినిమాతో సంబంధం లేని పాటలు కొన్ని కలిపి విడుదల చేస్తే ప్రైవేట్ ఆల్బమ్ అంటాం. మూడింటికీ ఒకటే మాట. లాటిన్‌లో ‘ఆల్బుస్’ అంటే తెల్లనిది. ప్రాచీన రోమ్‌లో ప్రేటర్ అనే న్యాయాధికారి తన ప్రకటనలను తెల్లరంగు పూసిన పలక మీద రాయించి నలుగురూ చూసే చోట పెట్టించేవాడు. ఆ పలక పేరు ఆల్బుమ్. కావాలని దాన్ని పాడుచేసినవాడికి జరిమానా. ఊరందరూ చదవడానికే పుట్టిన మాట ఇది.

16వ శతాబ్దంలో జర్మన్ విద్యార్థులు దీన్ని గదిలోకి తెచ్చుకున్నారు. గురువుల చేత, స్నేహితుల చేత నాలుగు మాటలు రాయించుకుని దాచుకునే ఖాళీ పుస్తకానికి ఈ పేరు పెట్టారు. మన ఆటోగ్రాఫ్ పుస్తకం లాంటిదే. తర్వాత అందులోకి ఫోటోలు వచ్చాయి. గ్రామఫోన్ రోజుల్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుకు ఒక్కో వైపు పట్టేది మూడు నాలుగు నిమిషాల సంగీతమే. సింఫనీ పూర్తిగా కావాలంటే చాలా రికార్డులు కొనాలి. వాటిని ఫోటోల పుస్తకంలాగే అట్టకట్టి అమ్మేవారు కాబట్టి అదీ ఆల్బమ్ అయింది. 1948లో కొలంబియా సంస్థ ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు తెచ్చాక ఆ పుస్తకంతో పని తీరిపోయింది, పేరు మాత్రం రికార్డుకు అంటుకుపోయింది.

తెలుగులో దీనికి దగ్గరి మాట వెతికితే నాకు ‘సంపుటి’ నచ్చుతుంది. సంపుటం అంటే భరిణె, మూత వేసి దాచేది. ‘సంకలనం’ వేరు, అది కూడిక. హిట్ పాటలన్నీ ఒకచోట చేర్చినది సంకలనం. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో, ఏది బయట ఉండిపోవాలో ఒకరు కూర్చుని తేల్చినది సంపుటి. ఈ తేడా చెవికి తెలియాలంటే కింక్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం రికార్డు ఒకటి వినాలి. దాని పేరు ‘ది కింక్స్ ఆర్ ది విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ’.

పాటలు రాసిన రే డేవిస్ ఉత్తర లండన్‌లో పెరిగినవాడు. విలేజ్ గ్రీన్ అంటే ఇంగ్లండ్ పల్లెల నడుమ ఊరందరికీ ఉమ్మడిగా ఉండే పచ్చికబయలు. డేవిస్ పాడిన పచ్చిక చాలావరకు ఊహలోదే. 12 పాటలతో రికార్డు తయారయ్యాక ఆయన బ్రిటన్‌లో విడుదల ఆపించాడు, 15 పాటలకు పెంచాడు. అప్పటికే సింగిల్‌గా జనాదరణ పొందిన ‘డేస్’ అనే పాటను మాత్రం తీసేశాడు. నడిచే పాటను ఎవరైనా ముందు పెడతారు. తీసేయగలిగినవాడే సంపుటి కట్టేవాడని నా నమ్మకం.

1968 నవంబర్ 22న అది బ్రిటన్ అంగళ్లకు వచ్చింది. అదే రోజు బీటిల్స్ రెండు రికార్డుల సెట్టు కూడా వచ్చింది. దాని అట్ట తెల్లగా ఉంటుంది కాబట్టి లోకం దాన్ని వైట్ ఆల్బమ్ అంటోంది. మాటను విప్పితే ‘తెల్ల తెల్లనిది’, మన నడిసెంటర్ లాంటి జంట. ఆ వెలుగులో కింక్స్ రికార్డు ఎవరికీ కనబడలేదు. బ్రిటన్ చార్టుల్లోకి కూడా ఎక్కలేదు. అమెరికాలో కచేరీలు చేయకుండా 1965 నుంచి వారి మీద నిషేధం ఉండటంతో అక్కడా పెద్ద ఆసరా దొరకలేదు.

కింక్స్ రికార్డు లోపల ఉన్నది అచ్చంగా ఫోటోల పుస్తకం అనే పాత అర్థంలోని ఆల్బమే. ‘పిక్చర్ బుక్’ ఇంట్లోవాళ్ల ఫోటోల పుస్తకం తిరగేసే పాట. చిట్టచివరి పాట, ‘పీపుల్ టేక్ పిక్చర్స్ ఆఫ్ ఈచ్ అదర్’, తాము బతికామని రుజువు కోసం ఒకరినొకరు ఫోటో తీసుకునేవాళ్ల గురించి. రాగం గంతులేస్తుంది, మాటల్లో గుబులు ఉంటుంది. రెండూ ఒకే గొంతులో వినిపించడం ఈ రికార్డు ప్రాణం. నడుమ ‘లాస్ట్ ఆఫ్ ది స్టీమ్ పవర్డ్ ట్రెయిన్స్’ ఉంది. హౌలిన్ వోల్ఫ్ అనే బ్లూస్ గాయకుడి బాణీని మౌత్ ఆర్గన్ మీద అందుకుని, చివరికొచ్చేసరికి బండిలాగే వేగం పెంచుకుంటూ పోతుంది. ఆ ఏడాది ఆగస్టులోనే బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల్లో ఆవిరి ఇంజన్ల సేవ ముగించింది. పాట అప్పటికప్పుడు తీసి అంటించిన ఫోటో అన్నమాట.

2004లో ఒక ప్రింటర్ల కంపెనీ తన ప్రకటనలో ‘పిక్చర్ బుక్’ వాడుకుంటే కొత్త తరం చెవిన పడింది. 2018లో, యాభై ఏళ్లకు, లక్ష అమ్మకాల గుర్తింపుగా బ్రిటన్‌లో గోల్డ్ డిస్క్ వచ్చింది. అన్నేళ్లూ దాన్ని నిలిపింది ఇళ్లలో దాచుకుని చేతులు మార్చుకున్న శ్రోతలు. మొదటిసారి వినేవారు 15 పాటల వరస మార్చకుండా, షఫుల్ నొక్కకుండా వినండి. అది నచ్చితే తర్వాత 1968లోనే వచ్చిన జోంబీస్ బృందం ‘ఒడెస్సీ అండ్ ఒరాకిల్’ వినండి. అట్ట గీసిన చిత్రకారుడు ఒడిస్సీ అక్షరాలు తప్పు రాస్తే ఆ తప్పే దాని పేరై నిలిచింది.