బంజరు, బంజారా, అడవి

పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవాళ్ళలో ఎవర్ని కదిపినా దాదాపు ఒకటే మాట చెప్తారు: ఇది అనాదిగా ఉన్న అడవండీ, సిటీయే దాని చుట్టూ పెరిగింది అని. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే రోజుల నుంచి నేనూ అలాగే అనుకున్నాను. పంజాగుట్ట ట్రాఫిక్ దాటి, నాగార్జున సర్కిల్ మీదుగా పైకొచ్చి, ఆ పచ్చదనం కనిపించగానే ఏదో ఆదిమకాలపు ముక్క మిగిలిపోయినట్టు అనిపించేది.

నిజానికి అక్కడ అనాదిగా ఉన్నవి రాళ్ళు. ఆ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. చెట్లు మాత్రం చాలామటుకు నిన్న మొన్నటివి. ఇంగ్లీషులో ఇలాంటిదాన్ని సెకండ్ గ్రోత్ అంటారు. ఒకసారి నరికేశాకో, మేకలు మేసేశాకో మళ్ళీ మొలిచిన అడవి. మనకి కీకారణ్యం ఉంది, చిట్టడవి ఉంది, బీడు ఉంది, బంజరు ఉంది గానీ, దీనికి సరిగ్గా అతికే మాట లేదు. నేను మలి అడవి అంటాను.

బంజరు అన్నది నేలకి పేరు, బంజారా అన్నది మనుషులకి పేరు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనంతా తిరిగిన లంబాడీలకి ఈ గుట్టలు మజిలీ. వాళ్ళ పేరే వీటికి మిగిలింది. 1930ల్లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడ, బండరాళ్ళ మధ్య ఇల్లు కట్టుకున్నప్పుడు ఇది ఊరి బయట, రాళ్ళూ పొదలూ ఉన్న చోటు. 1933లో హైదరాబాదు వచ్చిన టాగూరుకి ఆతిథ్యం ఇచ్చింది ఈయనే. నగరాలకి వంటచెరకూ పశువులకి మేతా ఇలాంటి గుట్టల మీంచే వచ్చేవి. అంత వాడకంలో చెట్టు చెట్టుగా ఎదగడం కష్టం.

మరి ఈ ఒక్క చోట అడవి ఎలా తిరిగొచ్చింది? గోడ వల్ల. ఏడో నిజాం 1967 ఫిబ్రవరిలో పోయాక ఆయన మనవడు ముకర్రం జా వారసుడయ్యాడు. ఆయన చిరాన్ ప్యాలెస్ ఈ గుట్ట మీదే ఉంది. ప్యాలెస్ చిన్నది, చుట్టూ ఎస్టేటు పెద్దది. రాజుగారు ఆస్ట్రేలియాలో గొర్రెల ఫార్ముకి వెళ్ళిపోయాడు, ఇక్కడ మాత్రం గొర్రెలూ గొడ్డళ్ళూ లోపలికి రాలేదు. 1998లో అందులో దాదాపు 140 హెక్టార్లని కాసు బ్రహ్మానందరెడ్డి నేషనల్ పార్కుగా ప్రకటించారు. అంటే ఈ అడవిని ఎవరూ నాటలేదు. అడ్డం పెట్టారు, అంతే. మిగతా పని వేళ్ళు చేసుకున్నాయి.

ఈ వేళ్ళ సంగతే అసలు కథ. కంపెనీ పని మీద సియాటిల్‌లో ఉన్నప్పుడు ఒక వారాంతం ఒలింపిక్ ద్వీపకల్పానికి వెళ్ళాను. అక్కడి హో రెయిన్ ఫారెస్ట్‌లో ఏడాదికి దాదాపు మూడున్నర మీటర్ల వాన పడుతుంది, మన హైదరాబాదుకి నాలుగింతలు. నాచు పట్టిన రెండొందల అడుగుల స్ప్రూస్ చెట్లు చూస్తే నోట మాట రాదు. కానీ నన్ను ఆపింది పార్కు బయటి దారి. కలప కోసం మొత్తం నరికేసి మళ్ళీ పెంచిన అడవులు. చెట్లన్నీ ఒకే వయసు, ఒకే ఎత్తు. పైన కొమ్మలు కలుసుకుపోయి కింద చీకటి. ఫెర్న్ మొక్క కూడా మొలవదు. పచ్చగానే ఉంటుంది గానీ జింకకి తినడానికి ఏమీ ఉండదు. అందుకే అక్కడి పరిశోధకులు ఈ మలి అడవుల్లో కొన్ని చెట్లు తీసేసి వెలుగు దింపడం, చచ్చిన మానుల్ని అలాగే ఉంచడం లాంటివి చేసి చూస్తుంటారు. వదిలేస్తే ఇదీ పాత అడవి అవుతుంది. కాకపోతే దానికి కొన్ని వందల ఏళ్ళు పడుతుంది.

మన దగ్గర లెక్క వేరు. అక్కడి స్ప్రూస్ లాంటి చెట్లు నరికితే చాలావరకు మళ్ళీ విత్తనం నుంచే రావాలి. మన మోదుగ, వేప, టేకు నరికినా మొదలు బతికే ఉంటుంది. మోడు చిగురించడం అనే మాట మనకి ఊరికే రాలేదు. పైకి బంజరులా కనిపించే గుట్ట కింద కూడా వేళ్ళు ఎదురుచూస్తూ ఉంటాయి. ఇక సీతాఫలం. తెలంగాణ గుట్టలకి పుట్టుకతో వచ్చిన చెట్టనుకుంటాం గానీ అది అమెరికా ఖండాల నుంచి వచ్చింది. దాని ఆకు మేకలు ముట్టవు కాబట్టి మిగతావన్నీ పోయిన చోట కూడా అది నిలబడింది. సీతాఫలం గుబురుగా ఉన్న గుట్టని చూస్తే ఒకప్పుడు అక్కడ మేత ఎంత జరిగిందో ఊహించుకోవచ్చు.

ఈ వేళ్ళని నమ్మే 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. క్షీణించిన అడవిని ఊరివాళ్ళు కాపాడాలి, బదులుగా పుల్లా గడ్డీ వెదురూ వాళ్ళకి దక్కాలి. కాపలాతో పాటు ఒక చిన్న పని ఉండేది. మోడు నుంచి ఐదారు పిలకలొస్తే బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేయడం. అక్కడ సియాటిల్ దగ్గర రంపాలతో చేసేదాన్నే ఇక్కడ కూలీలు కొడవలితో చేశారు. పెత్తనం ఫారెస్టు వాళ్ళదే అయిందనీ, పోడు భూములు పోయాయనీ విమర్శలు వచ్చాయి, అవి నిజమే. కానీ అడవి తిరిగి రావాలంటే మనుషుల్ని బయటికి తోలడం ఒక్కటే దారి కాదన్న ఆలోచన మాత్రం అందులో ఉంది. బంజారా హిల్స్ గోడకి ఆ ఆలోచన లేదు. పేరిచ్చిన బంజారాలు ఇప్పుడు ఆ పేరులో తప్ప ఎక్కడా కనబడరు. లోపల నెమళ్ళున్నాయి, మనం టికెట్ కొనుక్కుని చూస్తాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కంచ గచ్చిబౌలి. కంచ అంటే మేత కోసం కంచె వేసి ఉంచిన నేల. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాలని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రైవేటు క్రీడా సంస్థకి ఇచ్చి, 2006లో రద్దు చేసింది. కేసు 2024 దాకా నడిచింది. అన్నేళ్ళూ ఎవరూ ఏమీ కట్టలేదు. బంజారా హిల్స్‌లో రాజుగారి గోడ చేసిన పనినే ఇక్కడ కోర్టు కేసు చేసింది. 2025 ఉగాది రోజున బుల్‌డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ప్రభుత్వం వాదన: రికార్డుల్లో ఇది అడవి కాదు. కాపాడాలన్నవాళ్ళలో చాలామంది జవాబు: ఇది ఎప్పట్నుంచో ఉన్న అడవి.

నాకు రెండూ ఒకే తప్పులా కనిపించాయి. అడవి అనిపించుకోవాలంటే పుట్టుకతోనే అడవి అయ్యుండాలని ఇద్దరూ ఒప్పేసుకున్నట్టే. రికార్డుల సంగతైతే, 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది: యజమాని ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయిందేదైనా అడవే. కాపాడాలన్న మనవాళ్ళకి నేను చెప్పేది వేరు. పాతదని అబద్ధమాడక్కర్లేదు. ఆ అబద్ధం పట్టుబడిన రోజున, నిన్నటి పొదలే కదా, కొట్టేస్తే ఏం పోయింది అని అవతలివాళ్ళు సులువుగా అంటారు. నిన్నటివే. కానీ ఆ నిన్న ఇరవై ఏళ్ళో యాభై ఏళ్ళో, అన్నేళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవడం ఈ నగరానికి ఇంకోసారి కుదరదు. ఎకరం ధర కోట్లలో ఉన్న చోట ఇప్పుడు ఎవరు గోడ కట్టి వదిలేస్తారు?

కేబీఆర్ గేటు దగ్గర ఒక బోర్డు ఉంటే బాగుండుననిపిస్తుంది. ఇక్కడ ముందు ఎవరి పశువులు మేశాయి, గోడ ఎవరు కట్టారు, తర్వాత ఏ చెట్టు ముందొచ్చింది, ఏది వెనకొచ్చింది. చదివి నడక మొదలుపెడతాం. చెట్లు మాత్రం అవే ఉంటాయి.