స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు విక్రయము: అమ్మువాని విధులు

ఇంటర్నెట్టులో ఎవరికైనను వెల లేకుండ లభించు ప్రోగ్రామును డిస్కులోనో పెన్‌డ్రైవులోనో ఎక్కించి డబ్బుకు అమ్మవచ్చునా? మెట్‌పల్లి, కోరుట్ల వంటి పట్టణములలో కంప్యూటరు దుకాణము నడుపువారికిని, పాఠశాలకు కంప్యూటర్లు కొను ఉపాధ్యాయులకును ఈ సందేహము కలుగుట సహజము. దీనికి సమాధానము ఇటీవలి చరిత్రలో ఉన్నది.

అమెరికాలోని మాసచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచుండిన రిచర్డు స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో "గ్నూ" అను ఆపరేటింగు సిస్టమును నిర్మింప సంకల్పించినట్లు ప్రకటించెను. దానిని ఎవరైనను వాడుకొనవచ్చును. దాని నిర్మాణమును చదివి మార్చుకొనవచ్చును. ప్రతులు తీసి పంచవచ్చును. 1985లో ఆయన "ఈమాక్స్" అను తన ప్రోగ్రామును టేపులపై ఎక్కించి, ఒక్కొక్క టేపును 150 డాలర్లకు అమ్మెను. అదే ప్రోగ్రాము నెట్‌వర్కు ద్వారా వెల లేకయే లభించుచుండెను. నెట్‌వర్కు లేనివారు టేపు కొనిరి. "ఫ్రీ" అను ఆంగ్లపదమునకు ఉచితమనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థములు కలవు. తెలుగున ఈ రెండింటికి వేర్వేరు మాటలుండుటచే మనకు ఆ చిక్కు లేదు. ఇక్కడ చెప్పునది స్వేచ్ఛను గూర్చి. వెలను గూర్చి కాదు.

ఈ స్వేచ్ఛకు చట్టబలము చేకూర్చుటకై 1989లో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు వెలువడెను. దీనినే సంక్షేపముగా జి.పి.ఎల్. అందురు. దీని రెండవ పాఠము 1991లోను, మూడవది 2007లోను వచ్చినవి. 1991లోనే ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సును విడుదల చేసెను. దాని మొదటి లైసెన్సు ప్రకారము ప్రతులకు ఏ రుసుమును పుచ్చుకొనరాదు. ప్రతి తీసి ఇచ్చిన శ్రమకు కూడ డబ్బు అడుగరాదు. ఇందువలన పంచదలచినవారు తమ ఖర్చునైనను రాబట్టుకొనలేకపోయిరి. 1992లో టోర్వాల్డ్స్ ఆ నిషేధమును తొలగించి, లినక్సును జి.పి.ఎల్. క్రిందికి తెచ్చెను. అటుపిమ్మట లినక్సు డిస్కులను అమ్ము సంస్థలు అనేకము బయలుదేరినవి.

అయినచో అమ్మువాని విధులేవి? జి.పి.ఎల్. క్రింద వెల ఎంతయైనను పెట్టవచ్చును. కాని ప్రతి డిస్కుతోను లైసెన్సు పాఠమును చేర్చవలెను. రచయితల కాపీరైటు ప్రకటనలను చెరపరాదు. ప్రోగ్రామును మార్చినచో, మార్చినట్లు తేదీతో తెలుపవలెను. కొన్నవాడు మరల ప్రతులు తీసి పంచరాదని కట్టడి చేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది సోర్స్ కోడ్, అనగా ప్రోగ్రాము రచయిత వ్రాసిన మూలరూపము. సిరిసిల్లలో చీర కొన్నవానికి చీర మాత్రమే దక్కును. డిజైను గీసిన కాగితము దక్కదు. ఇక్కడ ఆ కాగితము కూడ కొన్నవానికి చెందవలెను. సోర్స్ కోడ్‌ను డిస్కుతోనే ఇయ్యవచ్చును; లేదా కనీసము మూడు సంవత్సరములు చెల్లునట్లు, అడిగినవారికి ఇత్తునని వ్రాతపూర్వకమైన హామీ ఇయ్యవచ్చును. ఒక ఉపాధ్యాయుడు లాభాపేక్ష లేకుండ విద్యార్థికి ప్రతి ఇచ్చునప్పుడు, తనకు వచ్చిన హామీ పత్రమునే జతచేసి ఇయ్యవచ్చును. వ్యాపారికి ఆ సౌలభ్యము లేదు. హామీ తానే ఇయ్యవలెను.

ఈ నియమములు కేవలము సుభాషితములు కావు. 2004లో జర్మనీలోని మ్యూనిక్ జిల్లా న్యాయస్థానము, లినక్సులో భాగమైన ప్రోగ్రామును తన పరికరములలో వాడి జి.పి.ఎల్. షరతులను పాటింపని సైట్‌కామ్ సంస్థపై నిషేధపు ఉత్తర్వు జారీ చేసెను. ఈ తీర్పునకు ఆధారమైన తర్కము తేలిక. ప్రతి తీసి అమ్ముటకు అనుమతి నిచ్చునది లైసెన్సే. షరతు తప్పినచో అనుమతి పోవును. అనుమతి లేక అమ్మినది దొంగప్రతి అగును. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టమును 1984లో సవరించి, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనలలో చేర్చిరి. కావున ప్రోగ్రామునకును గ్రంథమువలెనే రక్షణ కలదు.

మన తెలుగు అక్షరములును ఈ లైసెన్సుల నీడలోనే ఉన్నవి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జి.పి.ఎల్. క్రింద వెలువడినవి. రెడ్‌హ్యాట్ సంస్థవారి లోహిత్ తెలుగు ఫాంటు మొదట జి.పి.ఎల్. క్రింద ఉండి, 2011లో ఓపెన్ ఫాంట్ లైసెన్సునకు మారెను. సిలికాన్ ఆంధ్ర అందించిన పెద్దన, తిమ్మన, ధూర్జటి ఫాంట్లును ఈ రెండవ లైసెన్సు క్రిందివే. ఇందొక భేదము గమనింపదగినది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు గల ఫాంటును విడిగా అమ్మరాదు; సాఫ్ట్‌వేరుతో కలిపి, కాపీరైటు ప్రకటనను, లైసెన్సును జతపరచి అమ్మవచ్చును. ఆ ఫాంటుతో పెండ్లి పత్రికయో పాఠ్యపుస్తకమో అచ్చువేసి అమ్ముటకు ఈ నిర్బంధము లేదు. కనుక "స్వేచ్ఛగలది" అను ఒక్క మాట విని ఊరకుండక, ఏ లైసెన్సు క్రింద వచ్చినదో చదువుట అమ్మువాని మొదటి పని.

పాఠశాల తరఫున కొను ఉపాధ్యాయుడు కూడ వెలతోబాటు మరి రెండు విషయములు విచారింపవలెను: లైసెన్సు పాఠము ఏది? సోర్స్ కోడ్ ఏది? ఆ మూలరూపము చేతికందిననాడు, అందలి తప్పును దిద్దుటకును, తెలుగు మాటను చేర్చుటకును తరగతిలోని విద్యార్థి ఎవరి అనుమతికిని వేచియుండ నక్కరలేదు. అది దాచబడిననాడు డిస్కు ఉచితముగా వచ్చినను, అతడు దానిని వాడుకొనువాడుగానే మిగిలిపోవును.