ఆప్షన్లు అమ్మితే నెల జీతం వస్తుందా? బేరింగ్స్ నుంచి జూన్ 4 దాకా

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మా జాలరిపేట మరబోట్లకు వేట బంద్. ఆ ఖాళీలో కుర్రాళ్ల చేతిలో ఫోను, ఫోన్లో ట్రేడింగ్ యాప్. నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, నిఫ్టీ ఆప్షన్లు కొంటే పోతున్నాయి. అమ్మితే నెలనెలా జీతంలా వస్తుందంట కదా?" దీనికి జవాబు చరిత్రలోంచి చెప్తాను.

పుట్ అమ్మేవాడు నిజానికి బీమా కంపెనీ నడుపుతున్నట్టే. మార్కెట్ పడితే నష్టం నేను కడతా అని మాటిచ్చి, ప్రీమియం ముందే తీసుకుంటాడు. చాలా వారాలు ఏమీ జరగదు, ప్రీమియం మిగిలిపోతుంది. ఎప్పుడో ఒకరోజు, 2014 అక్టోబర్ 12న మన ఊరికి హుద్‌హుద్ వచ్చినట్టు, వస్తుంది.

ఇదేం కొత్త బేరం కాదు. మన బజార్లలో తేజీ-మందీ పేరుతో పాతకాలం నుంచే ఉంది. 1956 చట్టం షేర్ల మీద ఆప్షన్లను నిషేధించింది, 1995లో ఆ నిషేధం పోయింది. 2001 జూన్ 4న ఎన్‌ఎస్‌ఈలో నిఫ్టీ ఆప్షన్లు మొదలయ్యాయి. వారం వారం ముగిసేవి బ్యాంక్ నిఫ్టీకి 2016లో, నిఫ్టీకి 2019లో వచ్చాయి. ఈ జీతం మాట జనంలోకి పాకింది ఆ తర్వాతే అని నాకనిపిస్తుంది.

మనం నిషేధం ఎత్తేసిన ఆ 1995లోనే సింగపూర్‌లో ఏం జరిగిందో చూడండి. బేరింగ్స్ బ్యాంకు ట్రేడర్ నిక్ లీసన్, జపాన్ నిక్కీ సూచీ మీద కాల్, పుట్ రెండూ అమ్మేవాడు. సూచీ కదలకపోతే ప్రీమియం మొత్తం తనదే. ఆ డబ్బు పాత నష్టాలు దాచడానికి పనికొచ్చింది. జనవరి 17 తెల్లవారుజామున కోబేలో భూకంపం. నిక్కీ జారింది. ఆగాల్సింది పోయి, పెరుగుతుందని ఫ్యూచర్స్ ఇంకా ఇంకా కొన్నాడు. పెద్ద నష్టం వాటివల్లే వచ్చింది, కానీ ఊబిలో కాలుపెట్టించింది ప్రీమియం రుచి. మొత్తం 82.7 కోట్ల పౌండ్లు పోయాయి. 1762లో పుట్టిన బ్యాంకు ఒక్క పౌండుకి ఐఎన్‌జీ చేతికెళ్లింది.

మన దగ్గర? 2024 జూన్ 3న నిఫ్టీ 23,263. మర్నాడు ఎన్నికల ఫలితాలు, క్లోజింగ్ 21,884. ముందురోజు ఎవరైనా 22,500 పుట్‌ని 100 రూపాయలకి అమ్మారనుకుందాం. అప్పటి లాట్ 25, అంటే చేతికొచ్చింది 2,500. క్లోజింగ్ లెక్కన పోయేది దాదాపు 12,900. మధ్యాహ్నం సూచీ ఇంకా కిందికి, 21,281 దాకా వెళ్లింది. మార్జిన్ సరిపోకపోతే బ్రోకర్ అక్కడే కోసేస్తాడు, సాయంత్రం దాకా ఆగడు.

అదే సెప్టెంబర్‌లో సెబీ లెక్క బయటపెట్టింది. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం నష్టపోయారు. ఖర్చులు పోను లక్ష దాటి లాభం చూసింది ఒక్క శాతం. ఇందులో కొన్నవాళ్లూ ఉన్నారు, అమ్మినవాళ్లూ ఉన్నారు. అవతల కూర్చున్న పెద్ద సంస్థల లాభాల్లో దాదాపు అంతా కంప్యూటర్ ప్రోగ్రాముల ట్రేడింగ్‌దే. 2024 నవంబర్ నుంచి ఎక్స్‌పైరీ రోజున అమ్మినవాళ్ల దగ్గరే 2 శాతం అదనపు మార్జిన్ తీసుకోమని సెబీ రూల్ పెట్టింది. కొన్నవాళ్లకి అది లేదు.

కింద ఇంకో పుట్ కొని కవర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. అప్పుడు ప్రీమియంలో ఎంత మిగులుతుందో వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద లెక్కేసి చూపిస్తా.