మతం గడి

దేవుడున్నాడా లేడా అన్న వాదన నేను తొలిసారి విన్నది గరివిడి రైలుస్టేషను బల్ల దగ్గర. ఎనభైల్లో మాట. ఒక నాస్తికుడు మేస్టారూ, మా పేట పాస్టరుగారూ బండి కోసం కూర్చున్నారు. మేస్టారు గోరా సంగతి ఎత్తేరు.

గోపరాజు రామచంద్రరావు బ్రాహ్మణుల ఇంట పుట్టి, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినాయన. అంటరానితనం పోవాలంటే దేవుణ్ణీ కర్మనీ నమ్మడం పోవాలని గాంధీ ఎదుటే వాదించాడు. కూతురు మనోరమని దళిత యువకుడు అర్జునరావుకి ఇస్తానన్నప్పుడు, దేవుడి పేరెత్తకుండా ఆ పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. గాంధీ హత్య జరిగిన కొద్ది వారాలకి, 1948 మార్చిలో, సేవాగ్రాంలో ఆ పెళ్లి అయింది.

మా మామ్మ కింద కూర్చుని అంతా వింది. మాంగనీసు గనిలో రాయి ఏరిన మనిషి. అరచేతి గీతల్లో నలుపు చచ్చేదాకా పోలేదు. "దేవుడు నేడంటే ఊరి నూతి కాడికి మమ్మల్ని రానిత్తారా బావూ?" అంది. మేస్టారు నవ్వలేదు. పాస్టరుగారు నవ్వబోయి ఆగిపోయారు.

ఆ మామ్మదే మతం? ఆదివారం ప్రార్థనకెళ్లేది. సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లి పైడితల్లికి దండం పెట్టుకునేది. ఆమెకి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా కాగితానిది.

నా కులం సర్టిఫికెట్టు కోసం అమ్మా నేనూ ఒక కచేరీకి వెళ్లాం. గుమస్తా కలమెత్తి, "ఆదివారం ఎక్కడికెళ్తారే?" అన్నాడు. అమ్మ నా వైపు చూడకుండా, "ఎక్కడికీ ఎళ్లం బావూ" అంది. ఆ సాయంత్రం గోడ మీది యేసు పటం దింపి బియ్యం డబ్బా వెనక పెట్టింది. ఎవరైనా విచారణకి వస్తారేమోనని. అమ్మ చేత మూడుసార్లు కాదనిపించలేదు, ఒక్కసారే.

ఆ గుమస్తా వెనక 1950 రాష్ట్రపతి ఉత్తర్వుంది. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడంటుంది దాని మూడో పేరా. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవులైన దళితుల్ని మన రాష్ట్రంలో బీసీ-సీలో పెట్టారు, ఒక శాతం. చర్చి మెట్లెక్కితే కులం రాలిపోతుందా? మా పేటకి మాత్రం మాలపేట అన్న పేరు పోలేదు.

మా పెదనాన్న కొడుకు కాలేజీలో చేరి నాస్తికుడయ్యాడు. దేవుడే లేడని సభల్లో అరిచేవాడు. వాడి కాగితం జోలికి ఒక్కడూ రాలేదు. దేవుడున్నాడని మోకరించిన మా అమ్మే దొంగలా వణికింది. ప్రభుత్వానికి దేవుడున్నాడా లేడా అన్నది పట్టదు. మనం ఏ దొడ్లో ఉన్నామన్నదే పడుతుంది.

అంబేద్కర్ ఈ సంగతి ముందే ఎరిగినవాడు. హిందువుగా చావనని 1935లో యేవలాలో చెప్పి, ఎంచుకోడానికి ఇరవై ఒక్కేళ్లు తీసుకున్నాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. ఆయన పోయాక 1957లో వచ్చిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో మతానికీ ధమ్మానికీ మధ్య గీత గీశాడు: సృష్టికర్త లేకపోయినా ధమ్మానికి లోటు లేదు, మనిషి మనిషితో ఎలా మెలగాలన్నదే దాని విషయం. మామ్మ నూతి ప్రశ్న ఇదే కదా అనిపించింది నాకు. అది చదివాక రామతీర్థం వెళ్లి గురుభక్తులకొండ ఎక్కాను. బౌద్ధ విహారాల పాత ఇటికలు చూశాను. కింద రాముడి గుడికి జనం వస్తూనే ఉన్నారు. పైన నేనూ, మేకలూ.

2022లో కేంద్రం ఈ విషయం మీద బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. తీర్మానంతో ఉత్తర్వు మారదు.

నాకు దేవుడి మీద నమ్మకం పోయి చాలా ఏళ్లయింది. అమ్మ పోయాక బియ్యం డబ్బా జరిపితే పటం దొరికింది, అద్దం మీద తవుడు పేరుకుని. తుడిచి గోడకి తగిలించాను. మొన్న నా కూతురు దరఖాస్తు నింపుతూ, "అయ్యా, మతం కాడ ఏటి రాయను?" అని అడిగింది. పటం కేసి చూసి, మళ్లీ నా కేసి చూసింది.