చట్టంలో పేరు లేని పిల్లలు

1995 వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. ఆటిజం వాటిలో లేదు. పేరే లేనివారికి హక్కెక్కడిది? అంతకు ముందే, 1991లో, ఆటిజం ఉన్న బిడ్డ తల్లి మెర్రీ బరువా ఢిల్లీలో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ను స్థాపించారు. తల్లిదండ్రుల సంఘాల పోరాటంతో 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆ పేరు చేరింది. అయితే ఆ చట్టం ప్రధానంగా సంరక్షకత్వం గురించినది. బడిలో చోటుకు హామీ ఇవ్వలేదు. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో ఆటిజాన్ని చేర్చింది. ప్రత్యేక అవసరాల పిల్లలకు బడుల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోస్టులు మంజూరు చేయండని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది.

ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని భిలాయి చేరిన తెలుగు కుటుంబాలు వైశాలి నగర్‌లో ఓటడిగే నాయకులకు వేయవలసిన ప్రశ్న ఒక్కటే: మా బడికి ఆ ఉపాధ్యాయుడు ఎప్పుడు వస్తాడు?